తొందరపడిన ఆవులు

ఆ డెయిరీలో జ్వరం వస్తే పొద్దున ఆరు గంటలకే రావాలి. గేటు దగ్గర కాపలాదారు బల్లమీద ఒక థర్మామీటరు, ఒక నోటుపుస్తకం ఉంటాయి. ఒంట్లో బాగాలేదన్నవాళ్లు అక్కడ నిలబడి దాన్ని నాలుక కింద పెట్టుకోవాలి. నూరు దాటితే సెలవు, దాటకపోతే పని. పనిదొంగల్ని పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదని, దాన్ని పెట్టించిన సూపర్వైజరు అందరితో చెప్పుకుంటాడు.

మంత్రసానికి జ్వరం సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది. ముందు నడుము పట్టేస్తుంది, తర్వాత మోకాళ్లు, దీపాలు పెట్టే వేళకి రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. తెల్లవారేసరికి చెమటలు పోసి, పిండితే నీళ్లు కారేటట్టు బట్టలు తడిసి, ఒళ్లు చల్లబడుతుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి జ్వరం ఉండదు, నొప్పులు మాత్రం ఉంటాయి. నొప్పుల్ని కొలిచే గాజుగొట్టం ఇంకా ఎవరూ చేయలేదు.

ఆ రోజుతో కలిపి ఆమె అక్కడ నిలబడటం నెలలో ఆరోసారి. కాపలాదారు థర్మామీటరును వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి, తప్పేదో తనదే అయినట్టు తలవంచుకుని, తొంభై ఎనిమిది అని చెప్పాడు. పక్కనే టీ తాగుతున్న సూపర్వైజరు, ఈమె జ్వరం కూడా షిఫ్టుల్లో పనిచేస్తున్నట్టుంది, మనం దిగాక అది ఎక్కుతోంది అన్నాడు. పాలు పితికేవాళ్లు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నవ్వినవాళ్లే ఎక్కువ.

ఆమె కూడా నవ్వి లోపలికి నడిచింది. నవ్వడం సులువు, నడవడమే కష్టంగా ఉంది.

మంత్రసాని అన్నది పిలుపుపేరు. చూడి ఆవుల్ని కట్టే ఈత కొట్టం ఆమెది. దూడ అడ్డం తిరిగితే సరిచేయడం, మాయ పడకపోతే చెయ్యి పెట్టి తీయడం ఆమె పని. ఆ పొద్దున ముప్పై రెండో నంబరు ఆవుకు మాయ పడలేదు. తోక కింద ఎర్రటి తాడులా వేలాడుతూ వాసన కొడుతోంది. ఆమె గోళ్లు గోడకేసి అరగదీసుకుంది. సబ్బుతో చెయ్యి కడుక్కుని, భుజం దాకా నూనె రాసుకుని, ఆవు తొడకి చెంప ఆనించి కళ్లు మూసుకుంది. అక్కడ చూపు వేళ్లకి ఉండాలి. గర్భసంచికి మాయ గుండీలు పెట్టినట్టు అతుక్కుని ఉంటుంది. లాగితే ఆవు చస్తుంది. నిద్రపోతున్న బిడ్డ చొక్కా విప్పినట్టు ఒక్కొక్క గుండీ విప్పుకుంటూ పోవాలి. లోపలి నీరు ఆమె మోచేతి మీదుగా చంకలోకి కారింది. ఒక చుక్క కంట్లో పడితే భుజంతో తుడుచుకుంది.

తోక పట్టుకుని నిలబడిన ఆవిడను అందరూ వాగుడుకాయ అంటారు. ఆవిడ ఆ వేళ కూడా ఊరుకోలేదు. ఈ ఆవు ఎన్నో నెలలో తొందరపడింది అక్కా అని అడిగింది. ఏడో నెల అంది మంత్రసాని, కళ్లు తెరవకుండానే.

నెలలు నిండకముందే దూడ చచ్చి పడిపోతే దానికి లోకంలో ఒక మాట ఉంది, ఈసుకుపోవడమని. ఈ కొట్టంలో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. అంటే పక్క ఆవు చెవిన పడుతుంది, దానికీ అదే తగులుతుంది అని పాతవాళ్లు చెప్పారు. అందుకని తొందరపడింది అంటారు. పెళ్లికి తొందరపడినట్టు, బండికి తొందరపడినట్టు. చలి మొదలైనప్పటి నుంచి తొందరపడినవి ఏడు. కొట్టం బయట గోడకున్న నల్లబోర్డు మీద వాటికి అంతకన్నా మంచి మాట ఉంది. "ఈనింది. దూడ చనిపోయింది." సూపర్వైజరు అలా రాయమంటాడు. రాసేది మంత్రసాని కోడలు. దూడలకు ముర్రుపాలు తాగించడం, బోర్డు రాయడం ఆ అమ్మాయి పని.

మాయ మొత్తం ఊడి తొట్టిలో పడింది. మంత్రసాని నడుము నిలబెట్టబోయి, సగంలోనే గోడ పట్టుకుని ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చిన సూపర్వైజరు అది చూశాడు. ముక్కుకి రుమాలు అడ్డుపెట్టుకునే మాట్లాడాడు. ఆమె నడుము ఇక వంగేటట్టు లేదు కాబట్టి ఇంకో మూడు రోజుల్లో ఈ పనికి కోడల్ని దింపమన్నాడు. ఆ పిల్లవి సన్నని చేతులు, లోపలికి సులువుగా పోతాయి అన్నాడు.

కోడలికి నాలుగో నెల అని ఆమె చెప్పింది.

"అయితే మరీ మంచిది. చూడి ఆవుల మధ్య చూడి మనిషి. ఒకరి బాధ ఒకరికి తెలుస్తుంది" అని ఆయన వెళ్లిపోయాడు.

వాగుడుకాయ తోక వదిలేసి, మాయ పడిన తొట్టిని బయటికి లాగింది.

ఆ సాయంత్రం వణుకు ముదరక ముందే కోడలు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. ప్రశ్నలు ఎక్కువ అడుగుతుంది, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. అంతకుముందు వేరేచోట మలేరియాకి మందులిచ్చారు, టైఫాయిడ్‌కి ఇచ్చారు. రెండూ కాదని కాగితాలు చూసి తేల్చింది. జ్వరం ఏ వేళకి వస్తుంది, చెమటలు పడతాయా, పచ్చిపాలు తాగుతారా, పశువులతో ఏం పని అని ఒక్కొక్కటే అడిగి, చివరికి కలం పక్కన పెట్టింది.

"అమ్మా, మీ దగ్గర ఆవులు ఈసుకుపోతున్నాయా?"

మంత్రసాని ఉలిక్కిపడింది. ఇరవై ఏళ్లుగా ఎవరి నోటా వినని మాట. గదిలో ఆవులు లేకపోయినా చుట్టూ చూసింది. "అబ్బే, లేదమ్మా" అంది గబగబా. అది అబద్ధమని ఆమెకు తోచలేదు. వాళ్ల కొట్టంలో ఏ ఆవూ ఈసుకుపోలేదు మరి. తొందరపడ్డాయి, అంతే. కోడలు అప్పుడు బయట చీటీ రాయించుకుంటోంది.

డాక్టరమ్మ తలూపి, జ్వరం తగ్గే మాత్రలు రాసి, వారం తర్వాత రమ్మంది.

మర్నాడు మధ్యాహ్నం దూడలకు పాలు పట్టడం అయ్యాక, అత్తాకోడళ్లు బోర్డు కింద కూర్చుని డబ్బా విప్పి తింటున్నారు. కోడలి వేళ్లకి సుద్ద అంటుకుని ఉంది. అవతల కళాయి తొట్టి దగ్గర ముప్పై రెండో నంబరు ఆవు నీళ్లు తాగుతోంది.

"అత్తయ్యా, నాకో అనుమానం. ఏడో నెలలో చచ్చి పడితే దాన్ని ఈనడం అనొచ్చా?"

అలా రాయమన్నారు కదా, రాయి అంది మంత్రసాని.

"రాస్తున్నాను. మరి నాకే ఇప్పుడు..." అంటూ ఆ అమ్మాయి సుద్ద వేళ్లతో కడుపు మీద చెయ్యి వేసుకుంది. "ఇప్పుడే ఏమన్నా అయితే, కోడలు ప్రసవించింది అని చెప్తారా మీరు?"

ముద్ద మంత్రసాని చేతిలోనే ఆగిపోయింది. ఆ పిల్ల హాస్యానికే అంది. అయినా ఆమెకు డాక్టరమ్మ కలం పక్కన పెట్టడం గుర్తొచ్చింది. ఆ ప్రశ్నకి ముందు ఏ ప్రశ్నకీ ఆవిడ కలం పక్కన పెట్టలేదు. ఆ ఒక్క జవాబు కోసమే మిగతావన్నీ అడిగింది. దానికి తను లేదని చెప్పి వచ్చింది.

ఇంటికి వెళ్లాక ఆ సంగతి భర్తకు చెప్పింది. ఆయన సైకిళ్లు బాగుచేస్తాడు. పొద్దునా సాయంత్రం పూజ తప్పనివాడు. గ్రీసు చేతులు తుడుచుకుంటూ విని, ఆ మాట నోట తేకు, మిగిలింది దేవుడు చూసుకుంటాడు అన్నాడు.

"దేవుడు చూస్తూనే ఉన్నాడు. చెయ్యి పెట్టేది నేను. ఎల్లుండి పెట్టబోయేది నీ కోడలు" అంది ఆమె.

ఆమె కూడా దేవుణ్ణి నమ్మని మనిషి కాదు. ఆవు నొప్పులు పడుతుంటే దండం పెట్టుకోకుండా ఏనాడూ చెయ్యి వేయలేదు. కానీ ఒక మాట అంటే రోగం తగులుతుందని చెప్పింది దేవుడేనా, లేక ఆ మాట వినడం ఇష్టం లేని మనుషులా అన్నది ఆమెకు అంతు చిక్కలేదు. దేవుడికి మాటలతో ఏం భయం?

ఐదింటికి వణుకు ఎక్కింది. పడుకోబోయినది లేచింది. దుప్పటి కప్పుకుని, చెప్పులు వేసుకుని, డెయిరీ గేటు దాకా నడిచింది. పది నిమిషాల దారికి అరగంట పట్టింది. షిఫ్టు మారే వేళ, దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు గేటు దగ్గర కలుస్తున్నారు. ఆమె తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లి థర్మామీటరు ఇమ్మంది. సాయంత్రం కొలత లెక్కలోకి రాదని కాపలాదారు బతిమాలుతున్నట్టు చెప్పాడు.

"పొద్దున కొలవడం మీ నియమం. సాయంత్రం రావడం నా జ్వరం. ఈ రెండింట్లో ఏది అబద్ధమో నువ్వే చూసి రాసుకో" అంది.

ఆయన చుట్టూ చూసి ఇచ్చాడు. ఆమె దాన్ని నోట్లో పెట్టుకుని, వణుకుతున్న దవడను చేత్తో పట్టుకుని నిలబడింది. దిగిపోయేవాళ్లు ఆగారు. కాపలాదారు పైకెత్తి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. నూట మూడు. పుస్తకంలో గంటతో సహా రాశాడు. అప్పుడు వాగుడుకాయ, నాకూ ఒకసారి పెట్టు బాబాయ్ అంది. నూట ఒకటి. ఆవిడ తన నుదురు తనే తాకి చూసుకుని, ఇదా, నేను చలి అనుకుంటున్నానే అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున సూపర్వైజరు ఆ పేజీ చింపించాడని తెలిసింది. మంత్రసాని అప్పటికి ఆసుపత్రిలో ఉంది. పని మానేసి, తలుపు తీయకముందే వెళ్లి మెట్లమీద కూర్చుంది.

"మొన్న మీరడిగినదానికి తప్పు చెప్పానమ్మా" అంది డాక్టరమ్మతో. మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. "మా ఆవులు ఈసుకుపోతున్నాయి. ఏడు పోయాయి. ఆ మాట మేం అనం. అందుకని లేదన్నాను."

డాక్టరమ్మ కోప్పడలేదు. రక్తం మళ్లీ తీసింది. ఈసారి వేరే పరీక్షకు పంపింది. ఈసుకుపోయిన ఆవు మాయలో, ఆ నీళ్లలో కంటికి కనపడని క్రిములు కోట్లలో ఉంటాయని, చేతి మీద గీత ఉన్నా, కంట్లో చుక్క పడినా మనిషికి ఎక్కుతాయని, ఆ జ్వరం ఇలాగే ఎక్కుతూ దిగుతూ ఏళ్లతరబడి కీళ్లు తినేస్తుందని నెమ్మదిగా చెప్పింది. అదే అయితే మందు ఉంది, ఆరు వారాలు ఒక్కపూట తప్పకుండా మింగాలి. కడుపుతో ఉన్న మనిషి మాత్రం ఆ కొట్టం గడప కూడా తొక్కకూడదు.

ఎందుకని మంత్రసాని అడిగింది.

"ఆవుకు అయిందే మనిషికీ కావచ్చు" అంది డాక్టరమ్మ.

పశువుల ఆసుపత్రివాళ్లు వచ్చి మందలో రక్తాలు తీయాలని, కానీ నోటిమాటకి వాళ్లు కదలరని, డెయిరీవాళ్లు రాసుకున్న చోట ఆ మాట ఉంటే దాని ఫోటో తనకు పంపమని, తను మాట్లాడతానని చెప్పింది. రాసుకున్న చోట ఏముందో మంత్రసానికి తెలుసు. దూడ చనిపోయింది.

ఆ మర్నాడే కోడలు ఈత కొట్టంలో దిగాల్సిన రోజు. తెల్లవారుతూనే పద్నాలుగో నంబరు ఆవు పక్కకి పడుకుని మూలుగుతోంది. ఎనిమిదో నెల. తోక కింద నీరు చాక్లెట్ రంగులో ఉంది, ఒక చిన్న గిట్ట బయటికి వచ్చి ఆగిపోయింది. అత్తాకోడళ్లు వెళ్లేసరికి సూపర్వైజరు గుమ్మంలో ఉన్నాడు. కోడలు బోర్డు దగ్గరే ఆగింది. మంత్రసాని ముక్కాలిపీట తెచ్చి కొట్టం గడపకి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

కోడల్ని రమ్మను అన్నాడు ఆయన. రాదు అంది. అయితే నువ్వు దిగు అన్నాడు. నేనూ దిగను, వట్టి చేతులు అందులో పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది అంది. వాగుడుకాయవైపు తిరిగాడు. ఆవిడ రెండు చేతులూ ముందుకు చాచి, గోళ్లు పెరిగిపోయాయి సార్, ఆవుకి గుచ్చుకుంటాయి అంది. ఆ గోళ్లు చూస్తే చిన్నపిల్ల గోళ్లలా ఉన్నాయి. వెనక పాలు పితికేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. పనికి ఎవరూ వెళ్లలేదు.

"ఆవు చస్తే ఎవరిది పూచీ? రేపటి నుంచి అత్తాకోడళ్లిద్దరూ గేటు లోపలికి రానక్కర్లేదు, తెలుసా?" అన్నాడు.

"తెలుసు సార్. రేపటి సంగతి రేపు. ఇవాళ ఆవును చూడండి. గిట్ట వచ్చి అరగంటైంది" అంది ఆమె.

ఆవు ఇంకోసారి మూలిగింది. ఆయన అటు చూశాడు, వీళ్లవైపు చూశాడు. ఆవు చస్తే యజమానికి జవాబు చెప్పుకోవలసింది ఆయనే. చివరికి విసురుగా మందుల గదిలోకి వెళ్లాడు. బీరువా తాళం తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి ఆయన రెండు చేతులకూ భుజాల దాకా పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు ఉన్నాయి. నోటికి గుడ్డ ఉంది. కళ్లకి అద్దాలు ఉన్నాయి.

అందరూ ఆ చేతులనే చూస్తున్నారు. ఆయన నడిచి వచ్చినంతసేపూ ఆ ప్లాస్టిక్ గరగరలాడింది.

వాగుడుకాయ మందుల గదిలోకి తొంగి చూసి వచ్చింది. నూరు జతల డబ్బా అక్కా, సగం వాడేసి ఉంది అంది, గుసగుసగా చెప్పడం ఆవిడకు చేతకాదు కాబట్టి అందరికీ వినపడేలా.

మంత్రసాని పీట జరిపి దారి ఇచ్చింది. "అయితే మీకు తెలుసన్నమాట" అంది. ఆయన తలెత్తకుండా లోపలికి వెళ్లాడు.

పని ఆయనకు చేతకాదు. గిట్ట పట్టుకుని లాగబోయాడు. లాగొద్దు, ముందు రెండో కాలు వెతకండి అని గడప దగ్గరి నుంచే చెప్పింది. మోకాలు మడిచి ఉంటుంది, గిట్టని అరచేత్తో మూసి పైకి తెండి, లేకపోతే సంచి చిరుగుతుంది. ఆవు ఊపిరి తీసినప్పుడు ఆగండి, ముక్కినప్పుడు లాగండి. ఆవు మీద ఆమెకు కోపం లేదు. ఆయన చెయ్యి భుజం దాకా లోపల ఉన్నప్పుడు ఆమె బోర్డువైపు తిరిగింది.

"అమ్మాయ్, పద్నాలుగో నంబరు ఎదురుగా రాయి. ఈసుకుపోయింది."

కోడలు సుద్ద తీసుకుంది. లోపలినుంచి, ఏం రాస్తున్నావు, ఈనింది అని రాయి అని కేక వినిపించింది. కోడలు చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. పై వరసల్లో ఉన్న ఏడింటినీ గుడ్డతో తుడిచి, ఏడు చోట్లా అదే మాట పెట్టింది. మంత్రసానికి చదువు రాదు. పైకి చదవమంది. కోడలు నంబరు నంబరూ చెప్తూ ఎనిమిదిసార్లు ఆ మాట గట్టిగా చదివింది. కొంతమంది చెవులు మూసుకోబోయి మానేశారు. తర్వాత ఆ అమ్మాయి ఫోన్ తీసి, నాలుగడుగులు వెనక్కి వేసి, బోర్డు మొత్తం పట్టేలా ఫోటో తీసింది. పంపావా అని అత్త అడిగింది. చేరింది అత్తయ్యా, డాక్టరమ్మ చూశారు కూడా అంది.

చచ్చిన దూడ జారి గడ్డి మీద పడింది. ఆవు తల వాల్చి, నిండుగా ఊపిరి విడిచింది. బతుకుతుంది.

సూపర్వైజరు బయటికి వచ్చాడు. చేతులు భుజాల దాకా ఆ నీళ్లతో తడిసి, కొనల నుంచి చుక్కలు కారుతున్నాయి. బోర్డు చూసి రెండడుగులు దానివైపు వేశాడు. తుడవాలంటే ఆ చేత్తోనే తుడవాలి. చెయ్యి ఎత్తి, దానివైపు తనే చూసుకుని, దించాడు. గ్లౌజు తీయాలన్నా రెండో చెయ్యి కూడా అలాగే ఉంది. చేలో బెదురుబొమ్మలా రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీంచి చెమట కారి కళ్లద్దాల్లోకి పోతోంది, తుడుచుకునే వీలు లేదు.

ఎవరైనా ఇది లాగండి అన్నాడు.

వాగుడుకాయ చేతులు వెనక్కి పెట్టుకుంది. పాలు పితికేవాళ్లు నేల చూశారు. ఆయన ఒక్కొక్కరి ముందుకీ చెయ్యి చాచుకుంటూ వచ్చి, చివరికి పీట దగ్గర ఆగాడు. గుడ్డ పైనున్న ఆ కళ్లలో ఉన్నది కోపం కాదని మంత్రసానికి తెలిసింది. ఆ భయం ఆమెకు కొత్త కాదు. నాలుగు రోజులుగా తన ఇంట్లో ఉన్నదే.

నడుము పట్టుకుని లేచింది. కాలితో నీళ్ల బకెట్టు ఆయన ముందుకి జరిపింది. సబ్బు బిళ్ల అందులో వేసింది.

"మేమెవరమూ ముట్టుకోం సార్. భయపడకండి, ఎలాగో చెప్తాను. ముందు చేతులు రెండూ నీళ్లలో ముంచండి. మోచేతుల దాకా కాదు, భుజాల దాకా."

ఆయన బకెట్టు ముందు మోకాళ్ల మీద వంగాడు.

"ఊఁ. ఇంకా కిందికి" అంది మంత్రసాని.